చూడడం వేరు, రాయడం వేరు

మన ఇళ్ళల్లో పెళ్ళి కుదిరిందంటే ముందుగా వెతుక్కునేది పట్టుచీరల్నీ కాదు, బంగారాన్నీ కాదు, కల్యాణమండపాన్ని. మంచి ముహూర్తాలు వేళ్ళమీద లెక్కపెట్టేన్ని వుంటాయి, పెళ్ళిళ్ళు మాత్రం వీధికి రెండేసి వుంటాయి. మండపం దొరికిందంటే పెళ్ళి సగం అయిపోయినట్లేనని పెద్దవాళ్ళు గుండెమీద చెయ్యి వేసుకుంటారు. మరి ఆ ఒక్క మండపమూ ఒకే రోజున ఇద్దరికి దొరికితే? అలా ఎందుకు జరుగుతుందో, జరగకుండా చూడడానికి కంప్యూటర్ల వాళ్ళు ఏం చేస్తారో ఈ వారం ముచ్చటించుకుందాం.

"కంప్యూటర్ల గొడవ మాకెందుకమ్మా" అని పేజీ తిప్పెయ్యకండి. రైల్లో బెర్తు, సినిమాలో సీటు, బ్యాంకులో నిలవ, ఆసుపత్రిలో చీటీ - ఇవాళ మన సంసారాలన్నీ ఆ పట్టికలలోనే వున్నాయి. పైగా ఇంటికొక పిల్లయినా, పిల్లవాడయినా ఆ పట్టికల పనిమీదే హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో వున్నారు. మన పిల్లలు రాత్రిళ్ళు మేలుకుని చేసే పని ఏమిటో మనం కాస్త తెలుసుకుంటే తప్పేముంది?

కిందటేడు మాఘమాసంలో మా బాబాయిగారి మనవరాలికి ముహూర్తం పెట్టారు. మండపం పేరు చెప్పను, ఊరూ చెప్పను. ఆ మండపానికి రెండు ఆఫీసులు. ఒకటి మండపం దగ్గరే, ఇంకొకటి బజారులో. రెండుచోట్లా కంప్యూటర్లున్నాయి, రెండూ ఒకే లెక్క చూపిస్తాయి. బాబాయిగారు మండపం దగ్గరకి వెళ్ళి అడిగితే గుమాస్తా తెరమీద చూసి "ఖాళీగా వుందండీ" అన్నాడు. బాబాయిగారు పక్కకి వచ్చి వియ్యంకులవారికి ఫోను చేసి, ముహూర్తం మరొక్కసారి ఖాయం చేసుకుని, వెనక్కి వచ్చి బయానా కట్టారు. రసీదు చేతికి వచ్చింది. పైన టైము 11 గంటల 17 నిమిషాలు.

పెళ్ళి పన్నెండు రోజులుందనగా ఇంకొక కుటుంబం వారు వంటమేస్త్రిని వెంటబెట్టుకుని వంటశాల చూసుకోవడానికి అదే మండపానికి వచ్చారు. కంప్యూటరులో వారి పేరు లేదు. కాని చేతిలో రసీదు వుంది. అదే తేదీ, అదే మండపం, సిసలైన నంబరు. టైము 11 గంటల 10 నిమిషాలు. బజారు ఆఫీసులో వాళ్ళకీ ఆ ఉదయమే "ఖాళీ" అని కనిపించింది. వాళ్ళు ముందు డబ్బు కట్టారు, వాళ్ళ పేరు ఎక్కింది. ఏడు నిమిషాల తరవాత మా బాబాయిగారి పేరు దానిమీదే ఎక్కింది. పలకమీద రాసినదాన్ని చెరిపి మళ్ళీ రాసినట్లు మొదటి పేరు పోయింది. ఆ పేరు చెరిగిపోతున్నదని గుమాస్తాకి తెలియదు, బాబాయిగారికీ తెలియదు, కంప్యూటరుకి అసలే తెలియదు.

ఒక వొరలో రెండు కత్తులు ఇమడవు కదా. రెండు రసీదులూ పక్కపక్కన పెట్టి చూశాక బాబాయిగారు "మీదే ముందండీ" అని లేచి వచ్చేశారు. ఇంటిముందే తాటాకు పందిరి వేయించారు. అప్పటికే శుభలేఖలు సగం పంచేశారు. మిగిలినవాటిమీద ఆడపిల్లలందరం కూర్చుని కొత్త చిరునామా చీటీలు అంటించాం. అయినా ఓ ముప్ఫైమంది పాత చిరునామాకే వెళ్ళి, అక్కడి వధూవరులమీద అక్షింతలు వేసి, భోంచేసి, పెళ్ళికూతురు ముఖం చూశాక గాని సంగతి గ్రహించలేదట! ఇవాళ నవ్వుకుంటున్నాం గాని ఆ పన్నెండు రోజులూ బాబాయిగారికి నిద్రలేదు. మండపంవారు బయానా తిరిగి ఇచ్చారు. పోయిన నిద్రకి, వియ్యాలవారి ముందు పోయిన మాటకి రసీదు ఎవరిస్తారు?

చీటీలు అంటించిన జట్టులో మా మేనకోడలు కూడా వుంది. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. "ఆ కంప్యూటరు అబద్ధం ఆడింది" అని నేను తిడుతుంటే అది నవ్వింది.

"అబద్ధం ఆడలేదత్తయ్యా. ఇద్దరికీ చూపించినప్పుడు నిజంగా ఖాళీగానే వుంది. చూపించడానికీ రాయడానికీ మధ్య ఒక సందు వుంది చూశావూ, ఆ సందులోంచి ఇంకొకళ్ళు దూరారు. తప్పు కంప్యూటరుది కాదు, ఆ ప్రోగ్రాము రాసినవాళ్ళది."

ఆ తరవాత అది చెప్పిందీ, నేను అడిగి తెలుసుకున్నదీ కలిపి మీ ముందు పెడుతున్నాను.

ఇలాంటి లెక్కలన్నీ పట్టికలుగా వుంటాయి. అడ్డంగా ఒక్కొక్క వరుస ఒక్కొక్క రోజుది అనుకోండి. ఆ వరుసలో తేదీ, స్థితి, పేరు అని మూడు గళ్ళు. ఇలా పట్టికలుగా లెక్కలు దాచే పద్ధతిని 1970లో ఐ.బి.ఎం. కంపెనీలో పనిచేసే ఎడ్గర్ కాడ్ అనే ఆయన ప్రతిపాదించాడు. ఆ పట్టికలతో మాట్లాడడానికి అదే కంపెనీలో డోనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ అనే ఇద్దరు 1974లో ఒక భాష కల్పించారు. అదే నేటి ఎస్.క్యు.ఎల్. అందులో "సెలెక్ట్" అంటే చూపించు, "అప్‌డేట్" అంటే మార్చు. ఆ మండపం ప్రోగ్రాము ఈ రెండు మాటలూ విడివిడిగా చెప్పింది. ముందు సెలెక్ట్: ఆ తేదీ ఖాళీయేనా? తరవాత, ఎప్పుడో, అప్‌డేట్: ఆ తేదీకి ఈ పేరు రాయి. రెండోమాట చెప్పేటప్పుడు మొదటిదాని జవాబు ఇంకా నిజమేనా అని ఎవరూ అడగలేదు.

"మరి మా రోజుల్లో రిజిస్టరు పుస్తకాలుండేవే, అప్పుడీ గొడవ లేదే" అన్నాను నేను.

నిజమే. రైల్వే స్టేషనులో రిజర్వేషను పుస్తకం గుమాస్తాగారి బల్లమీద వుండేది. ఆయన పేజీ తెరిచి, ఖాళీ చూసి, పేరు రాసేదాకా ఆ పుస్తకం ఇంకొకరి చేతిలోకి వెళ్ళేది కాదు. చూసిన కన్నూ రాసిన చెయ్యీ ఒక్క మనిషివే. ఆ పుస్తకం ఒక్కటే కావడమే దానికి తాళం. అందుకే మనం గంటలకొద్దీ వరసలో నిలబడేవాళ్ళం! 1980ల నడుమ న్యూఢిల్లీలో రైలు రిజర్వేషన్లు కంప్యూటరుకి ఎక్కడం మొదలైంది. తరవాత దేశంలో ఏ వూరినుంచయినా ఏ వూరికయినా టిక్కెట్టు ఇవ్వగల కాన్సర్ట్ అనే ఏర్పాటు వచ్చింది. అది 1994లో మొట్టమొదట అమలయింది మన సికిందరాబాదులోనే. 2002 నుంచి ఇంట్లో కూర్చునే టిక్కెట్టు కొనుక్కోవడం వచ్చింది. అంటే ఒక గుమాస్తా బల్లమీది పుస్తకం లక్షలమంది చేతుల్లోకి ఒకేసారి వచ్చిందన్నమాట. వరస పోయింది, సంతోషమే. కాని వరసతోపాటు ఆ తాళం కూడా పోయింది. పుస్తకం తనంతట తాను ఇచ్చిన కాపుదల కంప్యూటరులో ఎవరో ఒకరు గుర్తుంచుకుని పెట్టవలసిందే.

ఆ తాళాలు ఎన్నిరకాలో ఇప్పుడు చూద్దాం.

మొదటిది అన్నిటికంటే సులువు: చూడడాన్ని రాయడంలోనే కలిపెయ్యడం. "ఆ తేదీకి ఈ పేరు రాయి" అనడానికి బదులు, "ఆ తేదీ ఇంకా ఖాళీగా వుంటేనే ఈ పేరు రాయి" అనాలి. మా మేనకోడలు కాగితంమీద ఇలా రాసి చూపించింది:

అప్‌డేట్ మండపం సెట్ స్థితి = 'ఇచ్చాం', పేరు = 'ఫలానావారు' వేర్ తేదీ = 'ఫలానారోజు' అండ్ స్థితి = 'ఖాళీ'

చివర వున్న ఆ నాలుగు ముక్కల్లోనే ప్రాణమంతా వుంది. ఇద్దరు ఒకే క్షణంలో ఈ మాట చెప్పినా కంప్యూటరు ఒకరి తరవాత ఒకరినే ఆ వరుసమీద చెయ్యి వెయ్యనిస్తుంది. మొదటివాళ్ళది రాసి ముగించేదాకా రెండోవాళ్ళు ఆగుతారు. వాళ్ళ వంతు వచ్చేసరికి స్థితి ఖాళీ కాదు కనుక వాళ్ళకి ఏమీ రాయదు. "ఎన్ని వరుసలు మారాయి?" అంటే మొదటివారికి 1 అని, రెండోవారికి 0 అని జవాబు వస్తుంది. ఆ సున్నాని చూసి "క్షమించండి, ఇప్పుడే అయిపోయింది" అని చెప్పాలి. ఆ సున్నాని చూడకుండా రసీదు అచ్చువేసేస్తే ఇల్లు అలకగానే పండగ అనుకున్నట్లే.

ఇందులోనే మరో సదుపాయం. మార్చిన వరుసని అక్కడికక్కడే తిరిగి చూపించమని కూడా అడగవచ్చు. పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్ వంటివాటిలో "రిటర్నింగ్" అనే మాట చేరిస్తే చాలు. మైక్రోసాఫ్ట్ వారి సర్వర్‌లో "అవుట్‌పుట్" అంటారు. ఎస్.క్యు.లైట్ అనే చిన్నదానికి కూడా 2021లో ఈ మాట వచ్చింది. మార్చడం, చూపించడం ఒకే ఊపిరిలో అయిపోతాయి. మధ్యలో సందే లేనప్పుడు దూరేదెవరు?

రెండో పద్ధతి తాళం వేసి చూడడం. ఒక్కొక్కప్పుడు చూశాక ఏదో లెక్క కట్టవలసి వుంటుంది. సంవత్సరాదికి తగ్గింపు ఎంత, పాత బాకీ ఎంత అని. అటువంటప్పుడు చూసేటప్పుడే "మార్చడానికి చూస్తున్నాను సుమా" అని చెప్పాలి. సెలెక్ట్ చివర "ఫర్ అప్‌డేట్" అని చేర్చడమే. పని ముగించి "కమిట్" అనేదాకా, లేదా "రోల్‌బ్యాక్" అని వదిలేసేదాకా ఆ వరుస మనదే. ఇంకొకరు మార్చబోయినా, ఇదే మాటతో చూడబోయినా ఆగవలసిందే. అయితే పోస్ట్‌గ్రెస్, మై ఎస్.క్యు.ఎల్. వంటివాటిలో మామూలుగా చూసేవాళ్ళని ఇది ఆపదు. వాళ్ళు పాత సంగతి చూసి వెళ్ళిపోతారు. అంచేత మార్చదలచినవాళ్ళందరూ ఈ నియమం పాటించాలి. ఇంట్లో నలుగురూ తలుపు గడియ వేస్తేనే గదా గడియకి అర్థం! చూడడాన్నీ రాయడాన్నీ ఊరికే "బిగిన్", "కమిట్" మధ్య పెట్టేసి అంతటితో నిశ్చింతగా వుండే కుర్రవాళ్ళు చాలామంది వున్నారట. మామూలు ఏర్పాటులో అది చాలదు అని మా మేనకోడలు వేలు చూపించి మరీ చెప్పింది.

తాళం వేశాం గదా అని కాఫీకి వెళ్ళకూడదు. మా బాబాయిగారు వియ్యంకులతో ఫోనులో మాట్లాడినంతసేపూ వరుసకి తాళం వేసి వుంచితే అవతల వున్నవాళ్ళు అందరూ నోరు తెరుచుకుని కూర్చోవాలి. అందుకని మనిషి ఆలోచించుకునే వ్యవధి కావలసినచోట ఇంకో ఉపాయం చేస్తారు. సినిమా టిక్కెట్లు కొనేటప్పుడు చూడండి, "ఈ సీట్లు మీకోసం ఇన్ని నిమిషాలు ఆపివుంచాం" అని గడియారం తిరుగుతూ వుంటుంది. అక్కడ తాళం వేసి కూర్చోరు. స్థితి గడిలో "ఫలానావారికి ఆపాం, ఫలానా టైముదాకా" అని చకచకా రాసి చెయ్యి తీసేస్తారు. టైము దాటితే సీటు మళ్ళీ ఖాళీ లెక్కలోకి వస్తుంది.

మూడోది కూర్పు నంబరు. ప్రతి వరుసలోనూ ఒక అంకె వుంచుతారు. మార్చినప్పుడల్లా అది ఒకటి పెరుగుతుంది. మీరు చూసినప్పుడు 7 వుందనుకోండి. రాసేటప్పుడు "ఇంకా 7 వుంటేనే రాయి" అంటారు. మధ్యలో ఎవరైనా మార్చివుంటే అది 8 అయివుంటుంది. మీ రాత చెల్లదు. మళ్ళీ చూసి రాయాలి. తీరిగ్గా చదువుకుని దిద్దుకునే పెద్ద పెద్ద దరఖాస్తులకి ఇది బాగుంటుంది.

ఇన్ని చేసినా ఎక్కడో ఒక కుర్రవాడు ఒకటి మరిచిపోవచ్చు. దానికి చివరి గడియ వుంది. మండపం, తేదీ కలిపి ఒక్కసారికి మించి పట్టికలో వుండకూడదని పట్టికకే శాసనం చేసి పెడతారు. దాన్నే "యూనిక్" నిబంధన అంటారు. ప్రతి బయానాకీ కొత్త వరుస రాసే ఏర్పాటు చేసుకుంటే రెండో వరుసని పట్టిక తనంతట తానే తోసిపుచ్చుతుంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?

బ్యాంకు లెక్కకి కూడా ఇదే సూత్రం. ఖాతాలో 10,000 రూపాయలు వున్నాయనుకోండి. భర్త ఏ.టి.ఎం. దగ్గర 6,000 తీస్తున్నాడు, అదే క్షణంలో ఇంట్లో భార్య ఫోనుమీద 5,000 ఫీజు కడుతున్నది. ఇద్దరికీ పదివేలు కనిపించాయి, ఇద్దరికీ చాలునని తోచింది. ఒకరు "నిలవ 4,000" అని రాశారు, ఇంకొకరు దానిమీద "నిలవ 5,000" అని రాశారు. పదివేల ఖాతాలోంచి పదకొండువేలు వెళ్ళి ఇంకా అయిదువేలు మిగిలింది! అక్షయపాత్రే. అందుకే "నిలవ ఇంత" అని రాయకూడదు. "నిలవ 6,000కి తక్కువ కాకపోతే, వున్నదాంట్లోంచి 6,000 తియ్యి" అని ఒక్క మాటలో చెప్పాలి. అప్పుడు ఇద్దరిలో ఒకరికి "చాలదు" అనే జవాబు వచ్చి తీరుతుంది.

తాళాలు రెండయినప్పుడు మరో చిక్కు వుంది. నూతి దగ్గర ఒకావిడ చేతిలో చేద వుంది, ఇంకొకావిడ చేతిలో చేంతాడు వుంది. "ముందు చేద ఇవ్వు" అని ఒకరు, "ముందు చేంతాడు ఇవ్వు" అని ఇంకొకరు. సాయంత్రందాకా నిలబడినా నీళ్ళు రావు. కంప్యూటర్లవాళ్ళు దీన్ని "డెడ్‌లాక్" అంటారు. ఇలాంటిది జరిగితే కంప్యూటరే కనిపెట్టి ఒకరిని పక్కకి పంపేస్తుంది. వాళ్ళు మళ్ళీ మొదలుపెట్టుకోవాలి. అసలు రాకుండా వుండాలంటే అందరూ ఒకే క్రమం పాటించాలి: ఎవరయినా సరే ముందు చేద, తరవాతే చేంతాడు.

ఆసుపత్రి చీటీలకి ఇంకొక మాట వుంది. నలుగురు డాక్టర్లు, చీటీల దొంతర ఒక్కటే. పై చీటీని ఒక డాక్టరు పట్టుకుని వుంటే మిగిలిన ముగ్గురూ దానికోసం ఎదురుచూడడం దండగ కదా. "ఎవరో పట్టుకున్నది వదిలేసి దాని తరవాతది ఇవ్వు" అనాలి. దానికి "స్కిప్ లాక్డ్" అని పేరు. పోస్ట్‌గ్రెస్‌లో 2016లోనూ, మై ఎస్.క్యు.ఎల్.లో 2018లోనూ ఈ సదుపాయం వచ్చింది. ఒక రోగికి ఇద్దరు డాక్టర్లు రారు, ఒక డాక్టరు ఊరికే కూర్చోడు.

ఈ తాళాల శాస్త్రానికి పునాది వేసినవాళ్ళలో ముఖ్యుడు జిమ్ గ్రే. ఈశ్వరన్, లోరీ, ట్రైగర్ అనే సహచరులతో కలిసి ఆయన 1976లో ప్రచురించిన వ్యాసం ఈనాటికీ చదువుతారు. పని మొదలుపెడితే పూర్తిగా జరగాలి, లేదా అసలు జరగనట్లే వుండాలి అనే సూత్రాన్ని ఆయన ఆచరణలోకి తెచ్చాడు. 1998లో ఆయనకి ట్యూరింగ్ బహుమానం వచ్చింది. మన డబ్బు ఒక ఖాతాలోంచి వెళ్ళి ఇంకొక ఖాతాకి చేరకుండా మధ్యలో మాయం కావడం లేదంటే ఆ పెద్దమనుషుల చలవే.

ఇక మనకి కావలసిన సంగతి. మండపానికో, ఆసుపత్రికో, ప్రయాణాల ఏజెంటుకో ఫోను చేసినప్పుడు అవతలివారు "ఖాళీగా వుందండీ" అంటే అది ఒక వార్త మాత్రమే. ఇంకా మీది కాలేదు. "నా పేరు ఎక్కిందా? ఎక్కిన తరవాత వచ్చిన నంబరు ఏది?" అని అడగండి. బయానా కట్టాక మళ్ళీ ఒకసారి పట్టికలో మీ పేరు చూపించమనండి. వారం తరవాత ఇంకోసారి అడగండి. మొహమాటపడకండి, శుభలేఖలు అచ్చు వేయించక ముందు చెయ్యవలసిన పని ఇది.

ఇంట్లో ప్రోగ్రాములు రాసే పిల్లలుంటే వాళ్ళకి ఒక పరీక్ష పెట్టండి. రెండు కంప్యూటర్లు పక్కపక్కన పెట్టి, ఇద్దరూ ఒకేసారి ఒకే తేదీమీద మీట నొక్కండి. రెండు రసీదులు వచ్చాయా, ఆ రాత్రికి పడుకోనివ్వకండి. ఒక రసీదూ, ఒక క్షమాపణా వచ్చాయా, పిల్లకి ఇష్టమైన కూర వండి పెట్టండి.

వచ్చేవారం ఎండాకాలంలో ఆవకాయ జాడీలకి బూజు పట్టకుండా చూసుకునే సంగతి మాట్లాడుకుందాం. అంతవరకూ సెలవు.